బావ చూసిన బొమ్మలు

హద్దురాయి మీద పట్టిన పాచిలో మా బావ ఒకసారి పెళ్ళి బరాత్ మొత్తం చూశాడు. గుర్రం, గుర్రం మీద పెళ్ళికొడుకు, వెనక బ్యాండు, బ్యాండులో డోలు కొట్టేవాడి బొర్ర, ఆ బొర్ర దగ్గర చొక్కాకు ఊడిపోయిన గుండీ, అన్నీ కనబడ్డాయి ఆయనకు. మేడ్చల్ అవతల కొత్తగా వేసిన ప్లాట్లలో, సున్నం కొట్టి పాతిన రాయి మీద, నా చిటికెనవేలి గోరంత మేర పట్టిన బూడిదరంగు పాచి అది. దాన్ని నేను ఫొటో తీసి, బావ ఇంట్లో టీవీకి కలిపి, పెద్దది చేసి చూపించాను. నాకు అందులో పాచి కనబడింది. మూరెడు పొడుగు పాచి.

"ఏడ తీసినవ్ గిది?" అని అడిగాడు బావ ముందు.

"మేడ్చల్ దాటినంక, కొత్త వెంచర్ల."

"అగో, గట్ల చెప్పు. గా రోడ్డు మీద బరాత్ అడ్డమొచ్చిందంటే గంట సేపు బస్సు కదలకపోవు. సూడు, గుర్రం బక్కగున్నది. పెండ్లికొడుక్కు నిద్రొస్తాంది. డోలోనికి ఒక్కనికే హుషారున్నది."

నేను లేచి వెళ్ళి, టీవీకి ముక్కు ఆనించి వెతికాను. "గుర్రమేది బావా?"

"నీ ముక్కు కిందనే తోక జాడిస్తాంది. జరుగు, తన్నుతది."

మా అక్క వంటింటి గడపలో నిలబడి, "మంచిగ దొరికిన్రు ఇద్దరికిద్దరు" అని లోపలికి పోయింది. నేను నవ్వాను. పొట్ట పట్టుకొని నవ్వాను. ఆ నవ్వు గురించి తర్వాత చెప్తాను, ఎందుకంటే ఈ కథలో తప్పంతా దానిదే.

ఆ లెన్సు నా దగ్గరకు పొరపాటున వచ్చింది. పేపరును చేతికి అందినంత దూరం పెట్టుకొని చదివే వయసు వచ్చింది నాకు. చెయ్యి ఇంకా పొడుగు కాదు గనక, కళ్ళద్దాలకు తగిలించుకొనే భూతద్దం ఏదో ఫోనులో చూసి తెప్పించాను. వచ్చింది ఫోనుకు తగిలించుకొనే భూతద్దం. బొత్తాం అంత వస్తువు. దాన్ని పంపడానికి వాళ్ళు వాడిన అట్టపెట్టెలో మా అల్వాల్ వీధికుక్క సంసారంతో సహా ఒక చలికాలమంతా కాపురం చేసింది. తిప్పి పంపుదామనుకున్నాను. తిప్పి పంపాలంటే పెట్టె కావాలి. పెట్టె కావాలంటే కుక్కతో మాట్లాడాలి. అప్పట్లో నేను మనుషులతోనే మాట్లాడడం లేదు.

నా భార్య పోయి అప్పటికి రెండేళ్ళు కావస్తోంది. చాలా నెలలు ఆస్పత్రుల్లో గడిపాక పోయింది. ఆ సంగతి ఇంతకంటే రాయను. చీమను చూపిస్తే ఏనుగును చేసి పెట్టడం నా వృత్తి, హాస్యం రాసేవాణ్ణి. నిజంగా ఏనుగే వచ్చి ఇంట్లో కూర్చుంటే ఏం చెయ్యాలో నాకెవరూ నేర్పలేదు. ఆ రెండేళ్ళూ నేను ఒక్క ముక్క రాయలేదు. ఆఫీసులో 'అవును', 'కాదు', 'సెలవు కావాలి' అనే మూడు మాటలతో నెట్టుకొచ్చాను.

ఒకరోజు పొద్దున ఊరికే, చేతిలో ఉంది కదా అని, ఆ బొత్తాన్ని ఫోనుకు తగిలించి, ఆవిడ కుండీలో పెంచిన కరివేపాకు మొక్క మీద పెట్టాను. ఆకు అడుగు కనబడింది. ఆకు అంటే ఆకు కాదు. మధ్యలో పెద్దకాలువ, దానికి పిల్లకాలువలు, వాటికి మునిమనుమలు, వాటి నడుమ నూనెబొట్లు నిండిన వేయి గదులు. ఆ మొక్కకు రెండేళ్ళుగా నీళ్ళు నేను పోస్తున్నానని అనుకొనేవాణ్ణి. ఆ కాలువలు చూశాక, పోసింది చాలా తక్కువని తెలిసింది.

ఆ ఆదివారం అక్క వాళ్ళింటికి పోయాను. మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్ళే దారిలో, రోడ్డు దిగి కొంచెం లోపలికి పోతే వాళ్ళ ఊరు. బావ ఎర్రబస్సు డ్రైవరు, ముప్పై ఏండ్లు నడిపి దిగాడు. ఆయన కంటిచూపు గురించి మా చుట్టాల్లో చాలా ప్రచారం ఉండేది, అందులో సగం నేను చేసిందే. శామీర్‌పేట చెరువు కట్ట మీద నిలబడితే అల్వాల్‌లో మా మేడ మీద ఆరేసిన లుంగీకి ఎన్ని చిల్లులున్నాయో చెప్పేవాడని, ఎదురొచ్చే లారీ డ్రైవరు పొద్దున పండ్లు తోముకున్నాడో లేదో మైలు దూరం నుంచే కనిపెట్టేవాడని నేను ప్రతి పెళ్ళిలోనూ చెప్పేవాణ్ణి. బావ మీసం కింద నవ్వుకొనేవాడు. "మైలున్నర" అనేవాడు.

ఆ రోజు కరివేపాకు ఫొటో టీవీలో పెట్టాను. "ఏడ తీసినవ్?" అన్నాడు. ఇంట్లోనే, అల్వాల్‌లో అన్నాను. తెర వైపు తిరిగి, "అల్వాల్ రైలు గేటు పడ్డది. అటు దిక్కు పది బండ్లు, ఇటు దిక్కు పది బండ్లు. నడుమ ఒగామె గేటు కింద దూరుతాంది, సంచిల కూరగాయలున్నయ్. మీ ఆమె లెక్కనే జల్దీ ఎక్కువ" అన్నాడు.

రెండేళ్ళుగా నా ముందు ఆమె పేరెత్తిన మనిషి లేడు. అక్క గ్లాసు పట్టుకొని అలాగే నిలబడింది. నా లోపలినుంచి ఏదో దగ్గులాంటిది వచ్చింది. నవ్వని తర్వాత తెలిసింది. నిజమే, ఆమె గేటు ఎప్పుడూ కింద నుంచే దాటేది.

అప్పటినుంచి ప్రతి ఆదివారం అదే పని. వారమంతా ఫొటోలు తీసేవాణ్ణి, ఆదివారం బావకు చూపించేవాణ్ణి. దగ్గరి ఫొటో తీయడమంటే నేల మీద పడుకోవడం. నా శరీరం నేల మీద పడుకోవడానికి అరగంట, లేవడానికి ముప్పావుగంట పడుతుంది. ఈ చుట్టుపక్కల ఎక్కడ వంగినా భూమి కొనడానికి వచ్చామనే అనుకుంటారు. ఒకసారి గండిమైసమ్మ దగ్గర తుమ్మచెట్టు బెరడు ముందు బోర్లా పడి ఉంటే, తెల్లచొక్కా ఒకాయన కారు దిగి వచ్చి, "సార్, మట్టి సూస్తున్నరా? మట్టి ఫస్ట్ క్లాస్. ఈస్ట్ ఫేసింగ్ గావాల్నా, నార్తా?" అన్నాడు. బెరడు అన్నాను. "బెరడు గూడ మనదే సార్" అన్నాడు.

శామీర్‌పేట చెరువు వెనకవైపు ఇంకోసారి గడ్డిలో ముఖం పెట్టి ఉన్నాను. పక్క చేనులో పనిచేసుకుంటున్న పెద్దాయన, తెల్లగడ్డం, తలకు టోపీ, గట్టు దాటి వచ్చాడు.

"క్యా సాబ్, ఏమన్న పోగొట్టుకున్నవా?"

"ఏం లేదు చాచా."

"గట్ల ఎట్ల? గంట సంది దేవులాడుతున్నవ్. ఏందో చెప్పు, నేను గూడ దేవులాడ్త."

నేను చెప్పేలోపే ఆయన చేతికర్ర పక్కన పెట్టి, మోకాళ్ళ మీద వంగి, గడ్డిపోచలు వేళ్ళతో పాయలు తీయడం మొదలుపెట్టాడు. నేనూ మళ్ళీ వంగాను. ఇద్దరం పది నిమిషాలు వెతికాం. చివరికి "చీమ, చాచా" అన్నాను. ఆయన లేచి, నన్ను పైనుంచి కిందికి చూసి, "దొర్కుతది లే. పరేషాన్ గాకు" అని పోయాడు. ఆ గడ్డిపోచ ఫొటో ఇంకా నా దగ్గర ఉంది. దాని మీద ఆయన వేలిముద్ర ఉంటుందని నా నమ్మకం.

ఈ ఫొటోలన్నింటిలోనూ బావ ఏదో ఒకటి చూశాడు. ఎంత వింతగా చూశాడంటే, నేను ఆఫీసులో చెప్పి, వాళ్ళను నవ్వించి, చివరికి రాయడం కూడా మొదలుపెట్టాను. గండిమైసమ్మ బెరడులో బోనం ఎత్తుకొని ఫుట్‌బోర్డు మీద నిలబడ్డ ఆడవాళ్ళు. కౌకూర్ మూల మీద తీసిన సాలెగూడులో అడ్డం తిరిగిన లారీ. మేడ్చల్ స్టేషను గోడ మీది నాచులో పొద్దున షిఫ్టుకు పోయే ఆడపిల్లలు, వాళ్ళ డబ్బాల్లో ఏం కూరో కూడా. అన్నిటికీ ముందు ఒకటే ప్రశ్న: "ఏడ తీసినవ్?" బొమ్మను చూసే పద్ధతి అదేననుకున్నాను. బావలో ఒక మహా రసికుడు ఇన్నాళ్ళూ స్టీరింగు వెనక దాక్కొని ఉన్నాడని ఒక వ్యాసమే రాశాను. అచ్చయింది. అక్క దాన్ని బావకు చదివి వినిపించింది. ఎందుకు అక్క చదవాల్సి వచ్చిందని నాకు తట్టలేదు.

తట్టనివి ఇంకా చాలా ఉన్నాయి. ఎండాకాలం వచ్చేసరికి బావ ఇంట్లో కూడా నల్లద్దాలు పెట్టుకున్నాడు. "సినిమాల ఛాన్స్ వచ్చిందా బావా?" అన్నాను. స్కూటరు మీద గోనెపట్టా కప్పి మూలకు పెట్టాడు. నడుం నొప్పి అన్నాడు. "స్కూటరుకా నీకా?" అన్నాను. అక్క చాయ్ గ్లాసును బల్ల మీద కాకుండా ఆయన అరచేతిలో పెట్టి, వేళ్ళు దాని చుట్టూ మూసేది. "ఈ వయసుల కొత్తకాపురం" అని ఏడిపించాను. ఆయన నాతో మాట్లాడేటప్పుడు నా చెవి పక్కకు చూసేవాడు. నా వెనక ఎవరో అందంగా ఉన్నవాళ్ళు నిలబడ్డారని తిరిగి చూసేవాణ్ణి. ఇవన్నీ నేను చూశాను. చూసినదానికల్లా ఒక జోకు వేశాను. తూనీగ రెక్కలో గళ్ళు వేలు పెట్టి లెక్కపెట్టగలిగినవాణ్ణి నేను.

శ్రావణమాసంలో ఒక ఆదివారం. వాన పడుతోంది. నేను మామూలుగానే ఫోను టీవీకి కలిపాను. కొత్త ఫొటో, గండిమైసమ్మ నుంచి వచ్చే దారిలో ఒక ఎండిన సొరకాయ తొక్క మీద తీసింది. "గండిమైసమ్మ కాడిది బావా" అన్నాను. అనేసి, చార్జరు తెచ్చుకుందామని పక్క గదిలోకి పోయాను. బావ గొంతు వినిపిస్తూనే ఉంది.

"మస్తుగ వచ్చింది బామ్మర్దీ. మొదలు గుడి. గుడి ముంగట కోళ్ళు. ఒగ ముసలవ్వ బస్సుకు చెయ్యి అడ్డం పెడ్తాంది, కోడిని సంకల పెట్టుకున్నది. కోడి నన్ను గుర్తువట్టింది..."

నవ్వుకుంటూ తిరిగి వచ్చాను. టీవీలో ఫొటో లేదు. వానకు ఇంటర్నెట్ పోయింది. తెర మొత్తం నల్లగా ఉంది. దాని నడుమ, కుర్చీలో కూర్చున్న బావ నీడ, తలుపులో నిలబడ్డ నా నీడ ఉన్నాయి.

నేను గట్టిగా నవ్వాను. నన్ను ఆట పట్టిస్తున్నాడనుకున్నాను. "భలే ఉన్నవ్ బావా, ఖాళీ టీవీల గూడ కోడిని పట్టినవ్!"

బావ కూడా నవ్వాడు. ఒక్క క్షణం ఆలస్యంగా. "మరి ఏమనుకున్నవ్?" అన్నాడు. ఇద్దరం నవ్వుతున్నాం. మూడో మనిషి నవ్వడం లేదని అప్పుడు చూశాను. అక్క మొక్కజొన్న కంకుల పళ్ళెం పట్టుకొని నిలబడింది. ఆమె టీవీని చూడడం లేదు, బావనూ చూడడం లేదు. నన్ను చూస్తోంది. చిన్నప్పుడు నేను ఏదైనా పగలగొట్టినప్పుడు మా బాపుకు తెలియకముందు చూసే చూపు.

నేను వెనకవైపు వసారాలోకి వెళ్ళాను. ఆమె వచ్చింది. రేకుల మీద వాన మోత, మాటలు దగ్గరకు వచ్చి చెప్పుకోవాల్సినంత.

"ఎన్నొద్దులసంది అక్కా?"

"పోయిన బతుకమ్మ కాడికెళ్లి కండ్ల ముంగట పొగ లెక్కుండె. షుగర్ వల్లనన్నరు. ఎండకాలం కల్లా మొత్తం పోయింది. ఇప్పుడు ఎల్తురున్నదా సీకటున్నదా, గంతే."

"నాకెందుకు చెప్పలే?"

ఆమె కొంగుతో పళ్ళెం అంచు తుడిచింది, తుడవడానికి ఏమీ లేకపోయినా. "పెద్ద దావఖానకు పోవాల్నంటే నువ్వే తోల్కపోవాలె గద తమ్మీ. నీ పెండ్లాంను తిప్పితిప్పి నువ్వు ఎట్లయినవో సూసినం. 'వాన్ని మల్ల గా మెట్లెక్కియ్యకు' అన్నడు మీ బావ. 'జరంత కోలుకోనీ' అన్నడు. గంతల నువ్వు గీ ఫోటోలు వట్టుకొచ్చినవ్. రెండేండ్లకు నోరు తెరిచి నవ్వితివి. ఇగ ఆయన ఇంటడా? 'నాకు కనవడ్తలేదంటే వాడు ఫోటోలు తెచ్చుడు బంద్ జేస్తడు' అన్నడు."

"మరి గివన్ని ఎట్ల చెప్పిండక్కా?"

"ఊరి పేరు చెప్తున్నవ్ గద. గా రోడ్డు ఆయనకు తెల్వదా?"

లోపలినుంచి బావ కేకేశాడు: "ఏమాయె, నెట్ వచ్చిందా? కోడి ఇంక బస్సెక్కలే!"

మర్నాడే ఆస్పత్రికి తీసుకుపోయాను. మెట్లు ఎక్కాను. అక్కడ మందు వాసన అలాగే ఉంది, కుర్చీలు అలాగే ఉన్నాయి, అందులో కూర్చునే విధానం కూడా నా నడుముకు గుర్తుంది. గోడ మీది అక్షరాలు చదవమన్నారు బావను. ఆయన గొంతు సవరించుకొని, "మేడ్చల్. వయా బొల్లారం, అల్వాల్" అని చదివాడు.

"అక్కడ అలా లేదండీ" అన్నది పరీక్ష చేసే అమ్మాయి.

"బోర్డు మార్చిన్రేమో బిడ్డా. నేను దిగి శాన దినాలాయె."

ఆ అమ్మాయి నవ్వింది. ఆయన ఎక్కడికి పోయినా ఎవరో ఒకరిని నవ్వించకుండా రాడని అప్పుడు గమనించాను. నేను వృత్తిగా చేసే పని ఆయన ఊరికే చేస్తాడు.

కళ్ళలో చుక్కలు వేసి, గంట ఆగమన్నారు. అక్క ఆయన పక్కన కూర్చుంది. నేను ఎదురుగా కూర్చొని, చేతులకు పని కావాలి గనక, ఫోనులో పాత ఫొటోలు తిప్పడం మొదలుపెట్టాను. పాచి వచ్చింది. నేను ఎన్నిసార్లు చూశానో ఆ పాచిని. ఈసారి గుర్రం ఉంది. బక్కది. తోక జాడిస్తోంది. డోలు, డోలు మీద వంగిన బొర్ర. కళ్ళు మూసి తెరిచాను, పోలేదు. గండిమైసమ్మ బెరడు చూశాను, ఆడవాళ్ళు నెత్తిన కుండలతో బస్సుకు వేలాడుతున్నారు. సాలెగూడులో లారీ. చూపు లేని మనిషి చెప్పినవన్నీ, చూపున్న నా ఫొటోల్లో, చెప్పినచోట చెప్పినట్టు నిలబడి ఉన్నాయి.

ఇంకా వెనక్కి తిప్పుతుంటే చామాకు మీది వానబొట్టు వచ్చింది. తొలకరిలో, అక్క వాళ్ళ పెరట్లో తీసింది. బాగా రాలేదని బావకు చూపించకుండా వదిలేసిన ఫొటో. ఆ బొట్టులో తలకిందులుగా ఏదో ఉంది. ఫోనును తిప్పి పట్టుకొని, రెండు వేళ్ళతో పెద్దది చేశాను.

పెరడు మొత్తం ఉంది అందులో. బోరింగు ఉంది, తాడు మీద బట్టలు ఉన్నాయి. ఇద్దరు మనుషులు నడుస్తున్నారు. ముందు అక్క. వెనక బావ. ఆయన చెయ్యి ఆమె భుజం మీద ఉంది.

ఇందులో ఏముంది అనుకుంటారు, మా వాళ్ళ సంగతి తెలియనివాళ్ళు. మా బావ నడిచేటప్పుడు అక్కకంటే పది అడుగులు ముందుంటాడు. వాళ్ళ పెళ్ళినాడు ఊరేగింపులో కూడా ఆయన ముందుకు పోయి, ఎవరో వెనక్కి పిలుచుకొచ్చారని నేనే చెప్పి నవ్విస్తుంటాను. ఆమె నలుగురిలో ఆయన పక్కన కూర్చోవాల్సి వస్తే నడుమ ఒక పిల్లనో, ఒక సంచినో పెట్టుకొనే మనిషి. అలాంటిది పట్టపగలు, పెరట్లో, ఆయన వెనక, ఆమె ముందు. నేను ఆ ఆకు ముందు బోర్లా పడి, వానబొట్టు ఎంత గుండ్రంగా ఉందో అని మురిసిపోతూ ఉన్నాను. వాళ్ళు ఆ ఆకు అవతలనుంచే నడిచిపోయారు.

ఫోను జేబులో పెట్టుకున్నాను. ఎదురు కుర్చీల్లో వాళ్ళ మధ్య సంచి లేదు.

డాక్టరు చాలా మర్యాదగా చెప్పాడు. కంటి లోపలి పొర షుగర్‌తో దెబ్బతిన్నదని, రెండు కళ్ళలోనూ లోపల రక్తం కారి ఎండిందని, ఇప్పుడు చేయగలిగింది ఉన్న ఆ కాస్త వెలుతురు పోకుండా చూడడమేనని. "మొదట పొగలాగా కనబడ్డప్పుడే వచ్చి ఉంటే కొంత నిలబెట్టేవాళ్ళం" అన్నాడు. ఆయన నన్ను చూసి అనలేదు. కానీ ఆ మాట వచ్చి నా ఒళ్ళో కూర్చుంది. ఆ పొగనాటి నుంచి ఈ రోజు దాకా ఉన్న ఆదివారాలన్నీ నావే కదా.

తిరిగి వచ్చేటప్పుడు కారు నేను నడిపాను. బొల్లారం దాటాక ఆగలేక అడిగాను.

"బావా, గా పాచిల బరాత్. నిజంగ సూసినవా?"

ఆయన కిటికీ వైపు తిరిగి ఉన్నాడు, గాలికి. "గుర్రం దాక కనవడ్డది. పెండ్లికొడుకు నా సొంతం" అన్నాడు. అదే గొంతుతో, "నువ్వు ముంగట రైలు గేటు కాడ ఎడమకు తీస్కో, కుడి దిక్కు గుంతున్నది" అన్నాడు. ఉంది.

ఆ తర్వాత నాలుగు ఆదివారాలు నేను వెళ్ళలేదు. పని ఉందన్నాను, జ్వరం అన్నాను, అబద్ధాలు చిన్నవిగా వచ్చాయి. లెన్సును ఒక డబ్బాలో వేసి మూతపెట్టాను. అయిదో వారం అక్క ఫోను చేసింది. "సీతాఫలాలు కండ్లు తెరుస్తున్నయ్. తెంపేటోళ్ళు లేరు. మీ బావ తిడ్తుండు, రా" అని పెట్టేసింది.

వాళ్ళకు ఇంటి వెనక రాళ్ళ జాగాలో ఇరవై దాకా సీతాఫలం చెట్లున్నాయి. మా దిక్కు కాయ ముదిరిందనడానికి ఆ మాటే అంటారు. కాయ మీది గళ్ళు ఒకదానినుంచి ఒకటి విడివడి, నడుమ సందులు తెల్లబడితే కండ్లు తెరిచినట్టు. అప్పుడు తెంపి గడ్డిలో పెడితే పండుతుంది. మూసుకొని ఉన్నదాన్ని తెంపితే రాయే. చిన్నప్పటినుంచి వేలసార్లు అన్న మాట, విన్న మాట. ఆ రోజు అక్క ఫోనులో అన్నాక, ఎక్కువసేపు చెవి దగ్గరనుంచి ఫోను తీయలేకపోయాను.

నేను వెళ్ళేసరికి బావ చెట్ల నడుమ ఉన్నాడు, నల్లద్దాలు లేవు. కొమ్మను తడుముకుంటూ పోయి, కాయను అరచేతిలోకి తీసుకొని, బొటనవేలు గళ్ళ సందుల్లో తిప్పుతున్నాడు. "గిది తెరిచింది" అని తెంపి గంపలో వేశాడు. పక్కదాన్ని ముట్టుకొని, "గిది ఇంక నిద్రవోతాంది" అని వదిలేశాడు. నేను చూసి తెంపినవాటిలో సగం మూసినవే వచ్చాయి. ఆయన గంపలోకి చెయ్యిపెట్టి నావి ఏరి, ఒక్కొక్కటే నా వైపు విసిరాడు.

"ఫోటోలేవి?" అన్నాడు.

"తీస్తలేను బావా."

"ఎందుకు? ఫోను పోయిందా?"

నేను ఆయన విసిరిన కాయలు ఏరుకుంటున్నాను.

"నా కండ్లు వోతే నీవి గూడ మూసుకుంటవా? నీకు బుద్ధి ఎన్నడొస్తది? తియ్యి. గిదాన్ని తియ్యి" అని ఒక కాయను కొమ్మతో సహా వంచి పట్టుకున్నాడు.

లెన్సు జేబులోనే ఉంది. తీయనన్నవాణ్ణి ఎందుకు తెచ్చుకున్నానో అడక్కండి. తగిలించి, కాయకు దగ్గరగా పెట్టాను.

"ఏం కనవడుతాంది?"

"మస్తుగున్నది బావా. పెద్ద కొండలు. కొండల నడుమ మంచు. మంచుల ఒక కోట, కోటకు వెయ్యి బురుజులు..."

"అబద్ధం" అన్నాడు. "సరిగ సూడు."

సరిగా చూశాను. ఆకుపచ్చ గళ్ళు, వాటి నడుమ విచ్చిన తెల్లని సందు. సందులో ఒక చీమ ఉంది. ఎర్రది, చిన్నది. ఒక వెనకకాలు సరిగా పడడం లేదు.

"చీమ బావా. గంతే. సందుల పోతాంది."

"ఎటు దిక్కు?"

"నీ దిక్కు. నీ బొటనవేలు దిక్కు."

"అగో. గట్ల చెప్పు." ఆయన వేలు కదపకుండా అలాగే పట్టుకున్నాడు. "ఖాళీ బస్సే పోతాంది. ఎక్కుతదేమో అడుగు."

అడిగాను. చీమ ఆయన గోటి అంచు దాకా వచ్చి, ఆగి, మీసాలతో తడిమి, ఎక్కింది. చెప్పాను. ఆయన దాన్ని కిందపడకుండా చెయ్యి మెల్లగా తిప్పి, రెండో చెయ్యి గాలిలో చాపి వెతుక్కున్నాడు. నేను ఒక అడుగు దగ్గరకు జరిగాను. చెయ్యి నా భుజం మీద పడింది.

"ఇగ నడువు" అన్నాడు. "సూస్కుంట పో, రాళ్ళున్నయ్."